నిద్రపోతున్న నేల ఎవరిది?

నాలుగో ముక్క మూలనున్న చెట్టును కంపెనీ యంత్రం పడగొట్టడం నేను కళ్ళారా చూశాను. ఓడరేవులో నాతోపాటు మూటలు మోసే అన్నలారా, కాలేజీ పిల్లలారా, ఇది ఎవరో చెప్పగా విన్న మాట కాదు. రెండుసార్లు నెట్టినా చెట్టు నిలబడింది. మూడోసారి వేళ్ళతో సహా లేచొచ్చింది. పక్కనే మా పెద్దమ్మ లెయిపకోవా నిలబడి ఉంది. మనవరాలు లెయిసావి పేరున నాటిన చెట్టది.

ఎఫాటే దీవి ఉత్తరపు ఒడ్డున మా ఊరికి ఏడు ముక్కల నేల. ప్రతి ముక్కలో ఇంటికో వరుస. ఏటా ఒక్క ముక్కే తవ్వి పెండలం నాటుతాం. తక్కిన ఆరూ తుప్పలు కమ్మి నిద్రపోతాయి. ఏడేళ్ళకు గాని ఏ ముక్కకూ మళ్ళీ పార తగలదు. ముక్క పడుకున్న రోజున దాన్ని మళ్ళీ తవ్వబోయే పిల్ల పేరున పెద్దమ్మ ఒక చెట్టు నాటేది. మేం నవ్వేవాళ్ళం.

"రేపటి లాప్లాప్ రొట్టెకి దుంప లేదు గానీ, ముసల్దానికి ముని మనవల కూడు కావాలంట!" అనేవాణ్ణి నేను.

"నవ్వరా నవ్వు. మీ తాత ఆకలి చంపుకుని పడుకోబెట్టిన నేల తిని ఇంతవాడివయ్యావు. నీ తరవాత వాడికి ఏం పెడతావు, నీ పళ్ళా?" అనేది.

మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. నిద్రపోయే నేలను ఎవరూ పైకి 'నాది' అనకూడదు. పడుకున్న పసిబిడ్డను పేరు పెట్టి పిలవం కదా, అలాగ. మా కొంప ముంచింది ఆ కట్టుబాటే. కాదు, మా నోళ్ళే.

నిరుడు భూముల అధికారి మా కావా ఇంట్లో, మగవాళ్ళు చేరి కావా వేరు రసం తాగే చోట, పటం పరిచి, ఆరు ముక్కల మీద వేలు పెట్టి అడిగాడు. "ఇవి ఎవరివి?" ఎవరూ మాట్లాడలేదు. మళ్ళీ అడిగాడు. ఊరి పెద్ద కల్తపావు తల దించుకున్నాడు. నేనూ అక్కడే ఉన్నాను. పట్నంలో యూనియన్ మీటింగుల్లో గొంతు చించుకునే నేను, కావా చిప్పలోకి చూస్తూ కూర్చున్నాను. మూడోసారి అడిగి, హక్కుదారులు లేరని రాసుకుపోయాడు. డెబ్బై అయిదేళ్ళ కౌలుకు ఆరు ముక్కలూ కంపెనీకి పోయాయి. విదేశాల దొరలకు సెలవుల బంగళాలు కడతారట.

చెట్టు పడ్డ సాయంత్రం పెద్దమ్మ ఆడవాళ్ళందర్నీ వెంటేసుకుని కావా ఇంట్లోకి వచ్చింది. మగవాళ్ళు తాగే వేళకు ఆడవాళ్ళు గడప దాటడం అదే మొదలు. ఒక్కడూ వద్దనలేదు. అనే మొహాలు లేవు మాకు.

కాలేజీ కుర్రాడు మసోయి లేచాడు. "రేపే అన్ని ముక్కల్లోనూ పెండలం పాతేద్దాం. పంటుంటే ఖాళీ భూమి అని ఎలా అంటారు?"

చాలామంది చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

"కొట్టండి," అంది పెద్దమ్మ. "నిద్ర చాలని నేలలో పెండలం వేలెడు కూడా ఊరదు. ఇవాళ కంపెనీవాడికి భయపడి అన్నీ ఒక్కసారే తవ్వేస్తే, పదేళ్ళకి మీ పిల్లలు ఆ బంగళాల్లో పక్కలు దులుపుతారు. వాడు యంత్రంతో చేసేది మనం పారతో చేస్తామా?"

"మరేం చెయ్యమంటావే?" అన్నాడు కల్తపావు. "నోరు తెరిచి నాది అంటే కట్టుబాటు తప్పినట్టే."

"కట్టుబాటు మనం మనకోసం పెట్టుకున్నాం మామా, దొర కోసం కాదు. రేపు అడిగితే అందరం ఒక్క నోటితో చెబుదాం. నేల మాత్రం తవ్వొద్దు. దాన్ని పడుకోనివ్వండి."

సరేనన్నాం. అందరం, ఒక్కొక్కరం, సరేనన్నాం.

తెల్లారాక అయిదో ముక్కకు అడ్డంగా నిలబడ్డాం. ఊరు ఊరంతా, రేవు నుంచి పదకొండు మంది కూలీలు, మసోయి వెంట పిల్లలు. యంత్రం నడిపే నకోవుది తన్నా దీవి. పెద్దమ్మను చూసి తాళం తిప్పి ఆపేశాడు.

"మా ఊళ్ళోనూ పడుకున్న నేలుంది అత్తా," అంటూ దిగిపోయాడు. వాడి పని అక్కడికక్కడే పోయింది.

కంపెనీ మేనేజరు పోలీసుల్ని తెచ్చాడు. వాళ్ళూ మన పిల్లలే, యూనిఫారాలు తప్ప. ఇన్‌స్పెక్టరు అడిగాడు. "ఈ నేల ఎవరిది? నాది అన్నవాళ్ళు ముందుకి రండి."

"నాది," అంది పెద్దమ్మ. డెబ్బై ఏళ్ళలో ఆ మాట ఎన్నడూ అనలేదు.

మేం అనాలి. నోరు తెరిచాను. మాట రాలేదు. అలవాటో, పోలీసు వ్యాను చూసిన భయమో, నాకు ఇప్పటికీ తెలీదు. కల్తపావు పెదాలు కదిలాయి, అంతే. ఇన్‌స్పెక్టరు ఇంకాసేపు ఆగి చూశాడు. వాడు కూడా మాకోసం ఎదురుచూసినట్టే అనిపించింది. తర్వాత ఆమె ఒక్కదాన్నే వ్యాను ఎక్కించుకుపోయాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోపపడి ఉంటే బాగుండేది.

ఆమెకు ఉబ్బసం. మందు తీసుకెళ్తే లోపలికి పోనివ్వలేదు. మూడో రోజున చాపలో చుట్టి ఇచ్చారు.

అన్నలారా, మేం మోసింది ఆ ఒక్క శవాన్నే కాదు. ఎవరి సిగ్గు వాళ్ళం మోశాం. కల్తపావు దారంతా చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నేనన్నా చాలేదిరా, నేనొక్కణ్ణి 'నాది' అన్నా చాలేది," అంటూనే ఉన్నాడు.

నకోవు ఊరుకోలేదు. తోటి డ్రైవర్ల ఇళ్ళకు నడిచి వెళ్ళి జరిగింది చెప్పాడు. ఒక్కరూ ఆ యంత్రం ఎక్కలేదు. రేవులో కంపెనీ సిమెంటు ఓడ వచ్చింది. మేం ఒక్క బస్తా దించలేదు. ఓడ పదిహేను రోజులు నిలబడి వెనక్కి పోయింది. పెద్దమ్మ పోయిన నూరోరోజున పెట్టే విందు నాటికి, మళ్ళీ విచారణ చెయ్యమని ప్రభుత్వం ఆ అధికారినే పంపింది.

అదే కావా ఇల్లు. అదే పటం. ఈసారి ఆడవాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. నాలుగో ముక్క మీద ఆ ఓడ రాకముందే సిమెంటు పోసేశారు. లెయిసావి తొలి పెండలం నాటాల్సిన నేలది. అది ఇక లేవదు. అధికారి తక్కిన అయిదింటి మీదా వేలు పెట్టాడు.

"ఇవి ఎవరివి?"

"మావి!"

ఇంటి కప్పు అదిరింది. ఆయన కలం పట్టుకున్న చెయ్యి ఆగింది.

"అరుపులు రాసుకోడానికి లేదు. పేరు, వేలిముద్ర కావాలి. కేసులు పడతాయి, జైలుకి పోతారు, ఆలోచించుకోండి."

కల్తపావు కర్ర ఊతంగా లేచాడు. "ముందు లెయిపకోవా పేరు రాయి. అందరికంటే ముందు చెప్పింది ఆమె."

"చనిపోయినవాళ్ళవి రాయకూడదు."

"రాయి."

రాశాడు. దాని కింద కల్తపావు బొటనవేలు పడింది. తర్వాత నాది. నా వెనక మసోయి, వాడి వెనక ఊరు. వరస గడప దాటి వాకిట్లోకి, వాకిలి దాటి అయిదో ముక్క దాకా పోయింది. సగం మంది కూడా కాకుండానే కాగితం నిండిపోయింది. ఆయన పటం చుట్టబోయాడు.

కల్తపావు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఇంకో కాగితం తియ్యి బాబూ. మేం ఇంకా ఉన్నాం."