ఉమ్ గస్సాన్ అసలు పేరు

సొరకాయ జాతి చిన్న కూసా కాయల్లో బియ్యం, కీమా కూరుతున్న ఇన్సాఫ్ ముందు ఆమె భర్త ఫౌజీ ల్యాప్‌టాప్ తెరిచి పెట్టాడు. చేతులు కడుక్కుని కూర్చోమన్నాడు. మంచినీళ్లు కూడా చేతికందిస్తే తప్ప తాగని మనిషి తనే కుర్చీ లాగాడంటే పనేదో పెద్దదే అనుకుంది.

పెద్దదే. ఫౌజీ మేనమామ కొడుకు ఎన్నికల్లో నిలబడ్డాడు. ఓటర్ల జాబితాలో ఆడవాళ్లకు సొంత పేర్లున్నాయి. ఊళ్లో మగవాళ్లకు మాత్రం వాళ్లు ఉమ్ గస్సాన్, ఉమ్ రబీ, అంటే ఫలానావాడి తల్లి. జాబితాలోని నుహాద్ ఎవరింటిదో, ఆమె ఫోన్ నంబరేమిటో చెప్పగలిగేది ఫోన్‌లో ఆడవాళ్ల గ్రూపు నడిపే ఇన్సాఫ్ ఒక్కతే. ముప్ఫై ఏళ్లుగా "మీ ఆడవాళ్ల సోది" అని ఈసడించిన కబుర్లతోనే ఇప్పుడు అతనికి అవసరం పడింది.

ప్రతి పేరు పక్కనా ఒక రంగు. తెలుపైతే మనవాళ్లు, నలుపైతే అవతలివాళ్లు, బూడిద రంగైతే ఎటూ తేలనివాళ్లు. చివర 'అవసరాలు' అని ఒక గడి. తెలిస్తేనే కదా సాయం చేసేది అన్నాడు ఫౌజీ. ఇన్సాఫ్ నమ్మింది. నుహాద్ గ్రూపులో చెప్పుకున్నదే రాసింది: రొమ్ములో గడ్డ, బేరూత్‌లో డాక్టరు కావాలి.

నాలుగో రోజు ఆ నుహాదే, ఉమ్ గస్సాన్, వచ్చింది. గుమ్మం దాటలేదు. అభ్యర్థి పేరుతో, వాళ్ల దగ్గర ముందే ఉన్న ఆమె మొగుడి నంబరుకు సందేశం వచ్చిందట: మీ ఇంటావిడ రొమ్ము గడ్డ నయం కావాలని ప్రార్థిస్తున్నాం, ఆదివారం ఓటేసేటప్పుడు మమ్మల్ని మరవకండి.

"ఆయనకు నేనింకా చెప్పనేలేదు ఇన్సాఫ్. గ్రూపులో మీకు చెప్పుకున్నానంతే. నా గడ్డకు కూడా ఓటుందా?"

ఇన్సాఫ్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

విషయం చెబితే ఫౌజీ టీవీ మీంచి కళ్లు తిప్పలేదు.

"మంచి మాటేగా పంపారు, ఏం మునిగిపోయిందని? అయినా ఆ గడి నింపింది నువ్వేగా."

అదీ నిజమే. అందుకే మరీ ఒళ్లు మండింది. ల్యాప్‌టాప్ తీసి, ఆడవాళ్లందరి ఫోన్ నంబర్లూ, అవసరాలూ ఒక్కొక్కటే చెరిపేసింది. జాబితా ఈపాటికి ఎన్ని చేతులు మారిందో తెలియదు. అయినా ఆగలేదు.

చివరికి తన పేరు వచ్చింది. పెళ్లి కాగానే ఆ పేరు పుట్టింటి ఊరి ఓటర్ల చిట్టాలోంచి ఈ ఊరికి మారింది. అప్పుడూ ఆమెనెవరూ అడగలేదు. ఇప్పుడు దాని పక్కన తెలుపు. అవసరాల గడిలో ఫౌజీ తనే నింపేశాడు: 'ఏమీ లేవు.'

ఇన్సాఫ్ తెలుపు తీసేసింది. ఆ రెండు మాటలూ చెరిపి, వాటి చోట రాసింది: 'నా ఓటు.'