చెక్కబొమ్మ చేతులు

మలబోన్‌లో ఇల్లు కుంపటిలా కాగుతోందని, మ్యూజియంలోనైనా చల్లగా ఉంటుందని మారివిక్ ఆ ఆదివారం తన పెద్దమ్మ కొన్సింగ్‌ను మనీలాకు తీసుకొచ్చింది. తల్లి పోయాక తనను పెంచిన మనిషి. ఎనభై దాటినా ఇంకా తన బట్టలు తనే కుట్టుకుంటుంది.

గోడంత యుద్ధచిత్రాల ముందు ఆవలిస్తూ నడిచిన పెద్దమ్మ శిల్పాల గదిలో చటుక్కున ఆగిపోయింది. ఎదురుగా నర్రా చెక్కతో చెక్కిన స్త్రీ, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఆ చేతులు నావే," అంది పెద్దమ్మ.

పెద్దావిడకు మతి తప్పుతోందేమోనని మారివిక్ కంగారుపడింది. కింద పలక మీద 'శిల్పి భార్య' అని ఉంది. ముఖం ఎవరిదో, కోలగా, కాస్త గర్వంగా. కానీ ఎడమ చిటికెనవేలు లోపలికి వంగి ఉంది. దాని గోరు మధ్యకు చీలి ఉంది. పెద్దమ్మ వేలు అచ్చం అలాగే ఉంటుంది.

"కుర్రతనంలో బట్టలు కుట్టేదాన్నన్నావు కదా?"

"కుట్టాను. ఆవిడవే. ఆవిడ క్షణం కుదురుగా కూర్చునేది కాదు. చేతులు చెక్కడానికి నన్ను కూర్చోమన్నాడాయన. ఒక వానాకాలమంతా కూర్చున్నాను."

"మాకెవరికీ చెప్పలేదేం?"

"చెబితే మీ అమ్మ అడిగేది. తర్వాత వీధంతా అడిగేది."

"ఏమని?"

పెద్దమ్మ బొమ్మ వైపు ఒక అడుగు వేసి, "నా చేతులే చూసేవాడు. ముఖం ఎప్పుడూ చూడలేదు," అంది. అది ఫిర్యాదో, ఊరటో మారివిక్‌కు అంతుపట్టలేదు. గొంతులో రెండూ ఉన్నట్టే వినిపించింది. మరీ చిత్రం, పెద్దమ్మ ఆ చేతులకేసి చూడటమే లేదు. ఆ ముఖాన్నే చూస్తోంది.

కాపలా అతను దగ్గరకొచ్చాడు. "ముట్టుకోకండి మామ్మగారూ."

"ముట్టుకోను నాయనా. ఈవిడ బతికుందా?"

"తెలీదండీ. మీకు బంధువా?"

"అవును."

"ఏ వైపు?"

"ఒకే ఒంట్లో ఉన్నాం కదా, ఆ వైపు."

అతను నవ్వాలో వద్దో తెలియక మారివిక్ వైపు చూశాడు. ఆమెకూ తెలియలేదు. పలక మీద పెద్దమ్మ పేరు లేదని అతనికి చెప్పాలా? చెబితే పెద్దమ్మకు గౌరవమా, అల్లరా? పెద్దమ్మ చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది.

ఇంటికెళ్ళే జీప్నీ బండిలో పెద్దమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "ఇంకెప్పుడూ నన్నక్కడికి తీసుకెళ్ళకు," అంది.

"సరే పెద్దమ్మా."

మలబోన్‌లో దిగి, సముద్రపు పోటుకు వీధిలోకి వచ్చిన నీరు తప్పించుకుంటూ సందులోకి మళ్ళుతుంటే, "వచ్చే ఆదివారం నీకేమన్నా పనుందా?" అని అడిగింది.

మారివిక్ ఆగి ఆమె ముఖంలోకి చూసింది. అక్కడేమీ తెలియలేదు. పని లేదని మాత్రం చెప్పింది.