అమ్మ పిడికిలి

అమ్మ గుల్జార్‌బీకి పక్షవాతం వచ్చి స్పృహ తప్పిందని జాబు అందగానే, కర్నూలులో కొత్తగా పెట్టిన మెడికల్ కాలేజీ నుంచి దస్తగిరి ఆళ్లగడ్డకు పరుగెత్తుకొచ్చాడు.

"నా యేలు ఎట్ల పట్టుకుందో సూడ్రా! నన్ను గుర్తుపడతాంది," అన్నాడు నాయన మదార్.

చదువుకున్న నోరు ఊరుకుంటుందా?

"గుర్తుపట్టడం కాదు నాయనా, అది నరాల పని. తల తీసేసిన కప్ప గూడా గిల్లితే కాలు ముడుచుకుంటాది. అమ్మ చేతిలో పుల్ల పెట్టినా పట్టుకుంటాది."

మదార్ మెల్లగా వేలు విడిపించుకున్నాడు. బయటికి పోయి, దూది ఏకే విల్లు పక్కన ఊరికే కూర్చున్నాడు. మళ్లీ లోపలికి రాలేదు.

పొద్దు వాలేవేళ, ఎవరూ చూడకుండా దస్తగిరి తన వేలు అమ్మ అరచేతిలో పెట్టాడు.

"పట్టుకోమ్మా," అన్నాడు.

చెయ్యి చల్లగా ఉంది. పుల్లనైనా పట్టుకుంటుందన్న చెయ్యి, కొడుకు వేలిని పట్టుకోలేదు.