కళావతి ఛాతీలో పిల్లి

కొత్తవాడలో తెల్లారేది పంజల చప్పుడుతో. పంజ అంటే షత్రంజి, అదే నూలు జంపఖానా, నేసేటప్పుడు దారాన్ని కిందికి కొట్టే ఇనుప గోళ్ల దువ్వెన. వెడల్పు షత్రంజి ఒక్కరితో అయ్యే పని కాదు. మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుని, చెరో సగం నేస్తూ, దారాన్ని నడుమ అందించుకోవాలి. రాయమల్లు పక్కన పదేళ్లు అతని భార్య కళావతే కూర్చుంది. రెండేళ్లుగా ఆ చోట్లో పక్కింటి గట్టయ్య కూర్చుంటున్నాడు. ఎందుకంటే కళావతికి నూలు దుమ్ము పడదు. ముక్కులోకి పోతే చాలు, ఛాతీలో పిల్లి లేస్తుంది.

ఆయాసం వచ్చిన వాళ్లందరివీ పిల్లికూతలే అంటారు. కళావతిది మాత్రం నిజం పిల్లే. దాని కూతకు వాడలో ఎలుకలు నూలు ముట్టడమే మానేశాయి. అత్త రాజవ్వ రోజూ కోడలి మంచం కింద గిన్నెలో పాలు పెట్టేది.

"మంచినీళ్లు..." అని ఆగి, మూడు ఊపిర్లు తీసి, "ఇయ్యత్తా" అనేది కళావతి.

దవాఖానలో డాక్టర్ రాజేశ్వర్ రావు గొట్టం పెట్టి పిల్లిని విన్నాడు. "గోలీలు మానొద్దు. వాటికి తోడు వారానికో సూది. నీకు పడని దుమ్మునే రవ్వంత మందు చేసి, మెల్లమెల్లగ పెంచుతం. తరిమితే పిల్లి గీరుతది, మచ్చిక చేసుకోవాలె."

"మళ్ల మగ్గం కాడ... కూసుంటనా సారూ?"

"ఏడాది ఓపిక పట్టు, చూద్దాం. కూసున్నా ముక్కుకు గుడ్డ కట్టాలె."

ప్రతి గురువారం అత్తాకోడళ్లు రిక్షాలో పోయేవారు. సూది వేశాక, ఒంటికి పడిందో లేదో చూడటానికి అరగంట అక్కడే కూర్చోబెట్టేవారు. వచ్చేముందు రాజవ్వ డాక్టరుతో పాటు మందు సీసాకు కూడా దండం పెట్టేది.

నాలుగు నెలలకు పిల్లి గొంతు తగ్గింది. పదో నెలకు గుర్రుపెట్టి పడుకుంది. కళావతి వెల్లకిలా నిద్రపోయింది. బిందె ఎత్తింది.

ఆ వారమే ఎలుకలొచ్చాయి.

ఎలుకలు కొరికిన నూలు లడి పట్టుకుని గట్టయ్య వాకిట్లో నిలబడ్డాడు. "పెద్దమ్మా, మీ పిల్లి మొద్దునిద్ర పోతాంది. ఇగ సూదులు బంద్ చెయ్యిన్రి. వాడంత మునుగుతాంది."

రాయమల్లు తల దించుకున్నాడు. కళావతి అత్త ముఖం చూసింది.

"నీ ఎలుకల కోసం నా కోడలు కూయాల్నారా?" అంది రాజవ్వ. "అంత ఫికర్ ఉంటే నువ్వే మంచం కింద పండుకొని మ్యావ్ మను. పాలు నేను పోస్త."

వాకిట్లో అందరూ నవ్వారు. చివరికి గట్టయ్య కూడా.

తర్వాతి గురువారం సూది వేయించుకొచ్చి గడపలో కూర్చుంటే కళావతికి ఆవలింత వచ్చింది. ఏళ్ల తర్వాత మొదటి నిండు ఆవలింత. నోరు మూసేలోగా దూదిపింజ రంగు పిల్లి ఒకటి బయటికి దూకి, ఒళ్లు విరుచుకుని, సరాసరి గట్టయ్య ఇంట్లోకి పోయింది. ఎలుకలు మళ్లీ కనిపించలేదు. గట్టయ్య పాలగిన్నెను తన గడప దగ్గరికి మార్చుకున్నాడు. ఏడాది నిండి డాక్టరు సరేనన్నాక, మగ్గం దగ్గర లేచి చోటిచ్చాడు.

కళావతి ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చుంది. తన సగం నేసి, దారం నడుమకు అందించింది.

"ఇగో, గంత గట్టిగ గుంజకు, అంచు లోపటికి పోతాంది, గట్టన్న నేసినట్టే నేస్తే ఇగ నేనొచ్చి ఏం లాభం?" అంది, నడుమ ఎక్కడా ఆగకుండా.

రాయమల్లు చేతిలో పంజ ఆగిపోయింది.

"ఏమైంది?" అంది కళావతి.

"ఏం లేదు," అన్నాడు. "మళ్లొక్కసారి అను."