పటిక గుడ్డ మీద మబ్బు

మునిరత్నమ్మ లెక్కలో మబ్బులు రెండే రకాలు: తడిపేవి, తడపబోయేవి.

కూతురు పంకజాక్షికి మాత్రం అవి ఎన్నో. కలంకారీ గుడ్డల మీద దేవలోకాలకు రంగులద్దే పిల్ల, ఆకాశం చూస్తే ఊరుకునేది కాదు. "అది దూది మబ్బు మా, ఉత్తదే. ఇది గొర్రెల మంద. ఆడ చేప పొలుసుల మాదిరి ఉండాదే, అది గాలి తెస్తాది" అని వేలు పెట్టి చూపించేది. తల్లి చెవికెక్కేది కాదు. ఆరేళ్ల కిందట ఇట్లాంటి ఫాల్గుణంలోనే, పొద్దున ఎండా మధ్యాహ్నం వానా అయిన రోజున, మొగుడు కుప్పయ్య స్వర్ణముఖి ఏటి ఇసకలో ఆరేసిన గుడ్డలు ఎత్తబోయి నిలువునా నానాడు. జ్వరం పట్టుకుంది. పదోనాటికి మనిషి లేడు. అప్పటినుంచి ఆమె కళ్లు నేలమీద కంటే పైనే ఎక్కువ ఉండేవి.

శ్రీకాళహస్తిలో శివరాత్రి తిరునాళ్లు ముగిసి వారమైంది. ఈసారి పంకజాక్షి ఆరేసింది మామూలు గుడ్డ కాదు. పనులిచ్చే దొరస్వామి కొట్టంలో ఆడవాళ్లు రంగులు నింపుతారు, కలం పట్టి బొమ్మ గీసేది మగవాళ్లే. నాలుగేళ్లు రంగులు నింపుతూ, ఇంట్లో దొంగతనంగా గీత నేర్చుకున్న పిల్లను చూసి ఆయన మనసు కరిగింది. "ఒక గుడ్డ మొదట్నుంచి కడదాకా నువ్వే చెయ్యి పాపా. మచ్చ లేకుండా వచ్చిందా, ఉగాది నుంచి నా పక్కన కూర్చొని గీద్దువు" అన్నాడు.

మూడు నెలలు పట్టింది. శివపార్వతుల పెళ్లి. నల్లగీతలు అయిపోయాయి. ఎరుపు రావలసిన చోటల్లా, అంటే పెళ్లికూతురి చీరకూ పందిట్లో పూలకూ, పటిక నీళ్లు పూసింది. పటికకు రంగుండదు. తర్వాత ఎరుపునిచ్చే చిరువేరుతో ఉడకబెట్టినప్పుడు అది తాకిన చోటల్లా ఎర్రబడుతుంది. అందుకే అది బాగా ఆరేదాకా, అంటే రెండు రోజులు, గుడ్డ ఒక పక్క ఇంకో పక్కను ముట్టకూడదు.

"మా, వాన వస్తే వరదమ్మక్కను పిలువు. ఇద్దరూ నాలుగు కొసలూ పట్టి వసారాలోకి తెండి. మడత మాత్రం పెట్టొద్దు. నీకు దండం పెడతా" అని చెప్పి పంకజాక్షి పనికి పోయింది.

పది గంటలకు దూది మబ్బు లేచింది. మునిరత్నమ్మ గోడ మీదుగా కేకేసింది. పక్కింటి వరదమ్మ పరుగెత్తి వచ్చింది. ఎండ ఫెళ్లున కాసింది. పదకొండుకు ఇంకో కేక. మళ్లీ ఎండే. పన్నెండుకు మూడోసారి వచ్చినప్పుడు వరదమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నీ నోట్లో వాన తప్ప ఇంకోటి రాదా అక్కా? నిన్ను రేడియోలో కూర్చోబెడితే ఊరూరా పంటలు పండుతాయి."

"నవ్వుమే, నవ్వు. నానినోళ్లకు తెలుస్తాది."

"ఇంక పిలవొద్దు. నా పొయ్యి మీద చారు పొంగిపోతా ఉండాది."

రెండు గంటలకు పడమటి కొండల మీద నల్లగా లేచింది. గాలి తిరిగింది, మట్టివాసన వచ్చింది. ఆమె కేకలేసింది. వరదమ్మ పలకలేదు. ఇంకోసారి పిలిచింది. ఆమె కళ్ల ముందు ఇసకలో తడిసిన కుప్పయ్య, అతని చేతుల్లో గుడ్డ. అంతే, ఆరేసిన గుడ్డను లాగి, నడిమికి మడిచి, మళ్లీ మడిచి, గుండెకు హత్తుకొని వసారాలోకి దూకింది.

ఒక్క చినుకు రాలలేదు. గాలి మబ్బును తూర్పుకు తోలుకుపోయింది. మడత విప్పితే గుడ్డ ఎప్పటిలాగే ఉంది. చేతికి మాత్రం పటిక తడి తగిలింది. మళ్లీ ఆరేసింది. సాయంత్రం కూతురు "మబ్బు ఏమన్నా చేసిందా మా?" అంటే, "ఏం లేదు" అంది.

మూడోరోజు దొరస్వామి పెరట్లో రాగి బాన కింద మంట పెట్టారు. ఏటిలో ఉతికిన గుడ్డను పంకజాక్షి కట్టెతో తిప్పుతోంది, తోడు వచ్చిన తల్లి మంట ఎగదోస్తోంది. పెళ్లికూతురి చీర ఎర్రబడింది. పూలు ఎర్రబడ్డాయి. పైకెత్తి పరిస్తే, తెల్లగా ఉండవలసిన శివుడి ముఖం మీద, గుండెల మీద, చీర అచ్చు తలకిందులుగా ఎర్రగా దిగి ఉంది.

దొరస్వామి వంగి చూశాడు. "పచ్చి పటిక మడత పెట్టినావే పాపా."

"నేను పెట్టలేదు సామీ."

"గుడ్డ చెప్తా ఉండాదే! గీత బాగుండాది. ఓపిక లేదు. ఆడోళ్లు గీతకు పనికిరారని మావోళ్లు అంటే నేనే తిట్టినాను."

పంకజాక్షి తల తిప్పి తల్లిని చూసింది. మునిరత్నమ్మ నోరు తెరిచింది. నిజం చెబితే ఈయన ఇద్దర్నీ గేటు బయట నిలబెడితే? రంగు నింపే పని కూడా పోతే? నోరు మూసుకుంది. కూతురు దొరస్వామి వైపు తిరిగింది.

"నేనే సామీ. మబ్బు పట్టిందని మడిసినా."

దారంతా ఆమె తిడుతుందేమోనని తల్లి ఎదురుచూసింది. పిల్ల తిట్టలేదు. ఆకాశం వైపు కూడా చూడలేదు.

ఉగాది వచ్చింది. పంకజాక్షి రంగులే నింపుతోంది. ఇంటికి తెచ్చుకున్న గుడ్డను ఇప్పుడు వరదమ్మ వాకిట్లో ఆరేస్తుంది. ఒక మధ్యాహ్నం పడమటి కొండల మీద నల్లగా లేచింది. గాలి తిరిగింది. మునిరత్నమ్మ గోడ దగ్గరికి పరుగెత్తి, కేక గొంతు దాకా వచ్చాక ఆగిపోయింది. అవతల వరదమ్మ, పంకజాక్షి నాలుగు కొసలూ పట్టి, గుడ్డను మంచంలా చాపి, మెల్లగా లోపలికి నడుస్తున్నారు. ఎవరూ ఆమెను పిలవలేదు. ఈసారి వాన నిజంగానే పడింది. ఆమె తడుస్తూ అక్కడే నిలబడింది.