అటువైపు బ్యాలెట్

మా కోల్డ్‌బ్రూక్‌లో మనిషిని నీ పార్టీ ఏదని అడిగితే, నీ జీతమెంతని అడిగినట్టు మొహం పెడతారు. ఊళ్ళో సగానికి పైగా ఏ పార్టీకీ చెందనివాళ్ళే, అదే వాళ్ళకు గొప్ప. న్యూ హ్యాంప్‌షైర్ అంతా ఇంతే గానీ మావాళ్ళకు ఆ పొగరు ఒక పాలు ఎక్కువ. అధ్యక్ష పదవికి ఏ పార్టీ ఎవరిని నిలబెట్టాలో తేల్చే ప్రైమరీ నాడు వీళ్ళు బడి వ్యాయామశాలకు వచ్చి, రెండు పార్టీల్లో ఏదో ఒకదాని బ్యాలెట్ అడిగి పుచ్చుకుంటారు, దాంతో ఆ పార్టీవాళ్ళయిపోతారు. ఏది అడిగితే అది ఇవ్వాలి, ఒక్కటే ఇవ్వాలి. ఓటేశాక తలుపు దగ్గర బల్ల మీద ఒక కార్డుకు సంతకం గీకి, మళ్ళీ ఏ పార్టీకీ కానివాళ్ళయి ఇంటికి పోతారు. ఈ కాసేపటి కాపురంతోనే పెద్ద పెద్దవాళ్ళను లేపుతారు, కూలదోస్తారు. అందుకే చలికాలం వచ్చిందంటే అధ్యక్షులు కాబోయేవాళ్ళంతా మా వంటిళ్ళ చుట్టూ తిరుగుతుంటారు.

ఆ బ్యాలెట్లు ఇచ్చే బల్ల దగ్గర కూర్చునేది నేను. కూర్చోవాలంటే ఏదో ఒక పార్టీ మనిషివై ఉండాలి కాబట్టి నేనొక పార్టీలో ఉన్నాను. నా మొగుడు లూసియెన్‌కు దాని మీద ఎప్పుడూ వేళాకోళమే. తన ఓటు తన చేతిలో ఉందట, నాది ఎవరి జేబులోనో ఉందట.

లూసియెన్ కాగితం మిల్లులో, గుజ్జును మందులతో తెల్లబరిచే బ్లీచింగ్ గదిలో పనిచేశాడు. మిల్లు మూతపడింది, దాని ఆవిరి మాత్రం ఇతని ఊపిరితిత్తుల్లో మిగిలింది. ఇప్పుడు ముక్కుకు గొట్టం, పక్కన సిలిండరు. జబ్బు మిల్లు వల్లే వచ్చిందని రుజువు తెమ్మంటారు బీమావాళ్ళు. మూసేసిన మిల్లును ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చేది? సిలిండర్లు చర్చి వాళ్ళ దయ. ఊళ్ళో ఇలాంటి మగవాళ్ళు ఇంకా ఉన్నారు, పోయినవాళ్ళూ ఉన్నారు.

పోటీలో ఉన్నవాళ్ళలో ఈ బాధ పట్టించుకున్నది వేరే రాష్ట్రం గవర్నర్ హాలొరన్ ఒక్కతే. తన రాష్ట్రంలో మిల్లు కార్మికులకు రుజువుల గొడవ లేకుండా వైద్యం ఇప్పించింది, అధ్యక్షురాలినైతే దేశమంతటికీ అదే చట్టం తెస్తానంది. నవంబరులో మా వంటింట్లో కూర్చుని, నేను వేయించిన డోనట్లు తింటూ, లూసియెన్ దగ్గు ఆగేదాకా మాట్లాడకుండా ఆగి, అప్పుడు మాట్లాడింది. మా రాష్ట్రంలో మొదటి రెండు స్థానాల్లో రాకపోతే పోటీ మానుకుంటానని కూడా దాచకుండా చెప్పింది. ఆమె వెళ్ళాక లూసియెన్ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఆ చట్టం వస్తే తను ఇంకొన్నాళ్ళు బతుకుతానని అతనికి నమ్మకం కుదిరింది. నాకూ కుదిరింది.

ఇక రెండో పార్టీలో పోటీకి దిగినవాడు సెనేటర్ వెదర్బీ. మా జబ్బుమనుషుల మాట వస్తే, వీళ్ళు గాలి పీల్చినందుకు కూడా కూలి అడిగే రకం అని టీవీలో నవ్వాడు. ఆ నవ్వు ఊళ్ళో ప్రతి ఇంటికీ గుచ్చుకుంది.

ప్రైమరీకి ముందు వారం సర్వేలన్నీ హాలొరన్ రెండో స్థానంలో నిశ్చింతగా ఉందన్నాయి. వెదర్బీ మాత్రం తన పార్టీలో గెలిచేలా ఉన్నాడన్నాయి. జెనీవీవ్ కాఫీ హోటల్లో పొద్దున్నే చేరే మిల్లు మనుషుల మధ్య లూసియెన్ ఒక ఆలోచన పెట్టాడు. ఆవిడ ఎలాగూ గట్టెక్కింది, మనం వెళ్ళి వాడి పార్టీ బ్యాలెట్ అడిగి, వాడి మీద పోటీ చేసేవాడికి వేసి, ఆ నవ్వినవాణ్ణి దింపేద్దాం అన్నాడు. ఊళ్ళో కుర్రకారు అతన్ని పెపేర్ అంటారు, మా ఇళ్ళల్లో మాట్లాడే ఫ్రెంచిలో తాత అని. గొట్టం పెట్టుకున్న తాత ఆయాసపడుతూ చెబితే కాదనే గుండె ఎవరికుంది?

ఇంటికొచ్చి నాకూ గొప్పగా చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది.

"నీ ఊపిరి ఆవిడ చేతిలో ఉందయ్యా. వాడి మీద కోపంతో దాన్ని గాలికొదిలేస్తావా?"

"ఊరంతా ఆవిడకే వేస్తుంది ఓడెట్. మేము నలుగురం అటు పోతే కొంపేం మునగదు."

"ఆ నలుగురూ ఊరికి చెప్పరూ?"

నువ్వు పార్టీ మనిషివి, ఇలాంటివి నీ బుర్రకెక్కవు అని నవ్వి, దగ్గొచ్చి ఆపేశాడు. దగ్గుతున్న మనిషితో దెబ్బలాడటం నాకు ఎప్పుడూ చేతకాలేదు. అక్కడే ఓడిపోయాను.

ప్రైమరీ రోజు మంచు పడుతోంది. తెల్లవారగానే ప్రమాణం చేయించారు. లోపల ఎవరినీ ఇటు వెయ్యమనీ అటు వెయ్యమనీ అనకూడదు, ఓట్లు ఎటు పోతున్నాయో బయట చెప్పకూడదు. మా పైన ఎన్నిక నడిపించే మోడరేటర్ థర్స్టన్ హేల్, పెళ్ళిలో కూడా గడియారం చూసుకునే మనిషి. నా ముందు రెండు దొంతరలు, ఇటువైపు హాలొరన్ పార్టీది, అటువైపు వెదర్బీ పార్టీది. మొదట వచ్చిన కాఫీ హోటల్ జెనీవీవ్ అటువైపు బ్యాలెట్ అడిగింది. తర్వాత బ్లీచింగ్ గదిలో లూసియెన్ పక్కన పనిచేసిన ఫెర్నాండ్, అతని పెళ్ళాం, చర్చిలో సిలిండర్లు సర్దే ఆడవాళ్ళు, అందరూ అటువైపే. నేను ఇచ్చినప్పుడల్లా నావైపు ఒక రకంగా చూశారు, మీ ఆయన కోసమే సుమా అన్నట్టు. నేను నవ్వాలి కాబోలు. నవ్వాను కూడా.

మధ్యాహ్నానికి అటు దొంతర అడుగంటింది, ఇటు దొంతర దాదాపు పెట్టింది పెట్టినట్టే ఉంది. హేల్ గారు అటువైపు కొత్త కట్ట విప్పి పెట్టాడు. నలుగురు కాదు, ఊరే తరలిపోతోంది. ఒక్కొక్కరూ మిగతావాళ్ళు ఆవిడకు వేస్తారులే అనుకుని వస్తున్నారు, ఆ మిగతావాళ్ళు కూడా వీళ్ళే. ఆ సంగతి ఆ హాల్లో నాకొక్కదానికే కనిపిస్తోంది, నోరు విప్పడానికి లేదు.

సూప్ తాగి వస్తానని బయటికెళ్ళి ఇంటికి ఫోన్ చేశాను. ఏమని చెప్పేదాన్నో నాకే తెలియదు, ప్రమాణం చేసిన నోరు. ఎంతసేపు మోగినా ఎత్తలేదు. లూసియెన్ ఫెర్నాండ్ ట్రక్కులో కూర్చుని, మంచులో రాలేని ముసలివాళ్ళను ఓటుకు తీసుకురావడానికి తిరుగుతున్నాడట.

సాయంత్రం వాళ్ళందరినీ దింపి, చివర తనూ వచ్చాడు, సిలిండరు బండి లాక్కుంటూ. వరసలో వాళ్ళు పక్కకు తప్పుకుని దారిచ్చారు. నా ముందు నిలబడి ఊపిరి కూడదీసుకున్నాడు. పక్కనే హేల్ గారు.

"పేరు?" అన్నాను. అడగాలి మరి.

చెప్పాడు.

"ఏ పార్టీ బ్యాలెట్ కావాలి?"

అటువైపుది అడిగాడు, హాలంతా వినబడేలా.

ఇటువైపు దొంతర మీద వేలు పెట్టి, అతని కళ్ళలోకి చూస్తూ మళ్ళీ అడిగాను. "ఏ పార్టీది అన్నారు?"

నా జీవితంలో అతన్ని ఏదైనా బతిమాలానంటే అది అప్పుడే. అతను నేను ఆటపట్టిస్తున్నాననుకున్నాడు. కన్ను గీటి మళ్ళీ అదే చెప్పాడు. హేల్ గారు గొంతు సవరించుకుని, "ఆయన అడిగింది ఇవ్వండి ఓడెట్ గారూ" అన్నాడు.

ఇచ్చాను.

తీరా మా ఊరి తెలివి మా ఒక్క ఊరిది కాదు. రాష్ట్రమంతా పార్టీ లేనివాళ్ళకు అదే ఆలోచన వచ్చింది. వెదర్బీ ఓడిపోయాడు. వీధిలో ట్రక్కుల హారన్లు మోగాయి, లూసియెన్ పిడికిలి పైకెత్తాడు. అంతలో ఇటువైపు పార్టీ లెక్క వచ్చింది. హాలొరన్ మూడో స్థానం, అదీ కొద్ది తేడాతో. హారన్లు ఎప్పుడు ఆగాయో నేను గమనించలేదు. లూసియెన్ టీవీ ముందు అలాగే కూర్చున్నాడు. తిడదామనుకుని దగ్గరికెళ్ళాను. అతని మొహం చూశాక దుప్పటి కప్పి వచ్చేశాను.

మర్నాడు పొద్దున ఫోన్ మోగింది. మిల్లు యంత్రాల హోరుకు అతని చెవులు కూడా పాడయ్యాయి కాబట్టి మా ఇంట్లో ఎప్పుడూ స్పీకరే. గవర్నరే స్వయంగా చేసింది.

"లూసియెన్ గారూ, నేను పోటీ నుంచి తప్పుకుంటున్నాను. టీవీలో చెప్పేముందు మీకు చెప్పాలనిపించింది. ఆ చట్టం నా చేత కాలేదు, క్షమించండి. మీరు నాకేసిన ఓటు మాత్రం మర్చిపోను."

లూసియెన్ నోరు తెరిచాడు. "మేడమ్" అన్నాడు, అంతే. నావైపు చూశాడు, నిన్న సాయంత్రం హాల్లో నేను అతనివైపు చూసినట్టు. ఫోన్ నేను అందుకున్నాను.

"ఆయనకు ఊపిరి అందట్లేదమ్మా" అన్నాను.

"అయ్యో, మాట్లాడించకండి. ఆయనలా నన్ను నమ్మినవాళ్ళు మీ ఊళ్ళో ఇంకొంతమంది ఉండుంటే నిలబడేదాన్నమ్మా."

స్పీకరు ఆపాలని నాకు తోచలేదు.