తిలెక్ పేరు పెట్టిన బడి

తెల్లారినప్పటి నుంచి సతార్‌కు కాలు ఒకచోట నిలవడం లేదు. కాలువ గట్టుకు వెళ్ళి తూము ఎత్తాడు, మళ్ళీ దించాడు. ఇంటికొచ్చి టీ పోసుకుని, తాగకుండానే లేచాడు.

"ఏంటయ్యా, కాలుగాలిన పిల్లిలా!" అంది భార్య అనార్‌ఖాన్. "ఆ తెల్లటోపీ పెట్టుకుని బయల్దేరు."

బాత్కెన్ కొండల కిందున్న ఆ ఊరి బడికి ఆ రోజు వాళ్ళ కొడుకు తిలెక్ పేరు పెడుతున్నారు. రెండేళ్ళ కిందట సరిహద్దులో కాల్పులు జరిగినప్పుడు పోయాడు తిలెక్. అప్పటికి వాడికి ఇరవై ఒక్కేళ్ళు.

ముందురోజే సతార్ బడి గోడకు బిగించిన రాతిపలక చూసొచ్చాడు. 'క్రమశిక్షణ గల విద్యార్థి. లెక్కల్లో ప్రథముడు. దేశం కోసం ప్రాణమివ్వడమే అతని కల.' మూడుసార్లు చదివినా అందులో కొడుకు కనిపించలేదు.

"లెక్కల్లో ఫస్టట!" అన్నాడు దారిలో.

"ఊరుకో. మంచేగా రాశారు."

"మంచే. ఎవరి గురించి?"

బడి ముందు పిల్లలు వరసల్లో నిలబడ్డారు. పైనుంచి వచ్చిన అధికారి ప్రసంగం అయ్యాక హెడ్‌మిస్ట్రెస్ జూరాకన్ ఒక కాగితం సతార్ చేతికిచ్చింది. "ఇది చదివితే చాలు సతారన్నా."

సతార్ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మావాడు ఈ బడికి సరిగ్గా వచ్చిందెప్పుడు? ఆ వెనక గోడ దూకి పళ్ళతోటలో పడేవాడు. ఈ జూరాకన్ రెండుసార్లు రిజిస్టర్లో వాడి పేరు కొట్టేసింది. రెండుసార్లూ నేనే వచ్చి కాళ్ళావేళ్ళా పడ్డాను."

పిల్లలు పకాలున నవ్వారు. అధికారి దగ్గాడు.

"చావాలని వాడికేం కల లేదు. లారీ కొనుక్కోవాలనుకున్నాడు. ఆ రోజు కింద వీధిలో ముసలాళ్ళు చిక్కుకున్నారని తెలిసి, రెండుసార్లు కారేసుకెళ్ళి తెచ్చాడు. మూడోసారి పోయేముందు ఫోన్ చేశాడు. 'నాన్నా, చేతులు వణుకుతున్నాయి' అన్నాడు. అయినా పోయాడు."

ఇక ఎవరూ నవ్వలేదు. అధికారి గబగబా పలక మీది గుడ్డ లాగేశాడు.

"పిల్లలకు ఆదర్శం కావాలి కదన్నా," అంది జూరాకన్ తర్వాత దగ్గరికొచ్చి. "రేపట్నుంచి అందరూ గోడ దూకుతారు." ఆ వెంటనే ఆమె గొంతు తగ్గింది. "రెండోసారి పేరు కొట్టేసినప్పుడు తిలెక్ వెక్కివెక్కి ఏడ్చాడు. అది రాయడానికి నాకు మొహం చెల్లలేదు."

పలక అలాగే ఉండిపోయింది. ఇంటిదారిలో అనార్‌ఖాన్ అతనికన్నా ముందు నడిచింది. కాలువ దగ్గరికొచ్చాక ఉన్నట్టుండి ఆగింది.

"వాడు ఫోన్ చేశాడని నాకు చెప్పలేదేం? రెండేళ్ళు!"

"అమ్మకు చెప్పొద్దన్నాడు."

ఆమె గట్టు మీద కూలబడింది. మొహం తుడుచుకుని, అతని చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

"మొదట్నుంచీ చెప్పు," అంది. "'హలో' అన్న దగ్గర్నుంచీ."

సతార్ చెప్పాడు. అయిపోయాక మళ్ళీ చెప్పమంది.